కలోంజీ సీసా, ఇన్హేలర్ డబ్బా



దమా ఉన్న పిల్లల ఇళ్లలో ఒక మాట తరచూ వినపడుతుంది. "జడీబూటీ ఉండగా పిల్లకి ఆ పంపు ఎందుకు?" అని. పంపు అంటే ఇన్హేలర్. అది ఆఖరి స్టేజీ వాళ్లకిచ్చే దవా అంటారు. ఒకసారి మొదలుపెడితే ఆదత్ పడిపోతుందంటారు. ఆడపిల్ల చేతిలో కనపడిందంటే రేపు రిష్తా కుదరదంటారు. నేను ఫార్మసీ చదివి పద్దెనిమిదేళ్లుగా మందుల మధ్యే బతుకుతున్నా. బయటివాళ్లు ఈ మాట అడిగితే ఓపిగ్గా జవాబు చెప్పేదాన్ని. ఈ ఏడు మా ఖాన్‌దాన్‌లోనే వినాల్సొచ్చింది.

మా చెల్లి అత్తగారిల్లు గుంటూరులో, మిర్చి యార్డుకి దగ్గర. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ వీధుల్లో గాలికి కూడా కారం అంటుకునే ఉంటుంది. టిక్కీలు వేసుకుని లారీలు, ఆటోలు తిరుగుతుంటాయి. అరుగుల మీద ఆడవాళ్లు తొడిమలు తీస్తూ కూర్చుంటారు. కొత్తవాళ్లెవరైనా వస్తే నాలుగు తుమ్ములు తుమ్మిగానీ గుమ్మం దాటరు. అక్కడ పుట్టినవాళ్లకి అది అలవాటే. మా చెల్లి కూతురికి మాత్రం అలవాటు కాలేదు. పన్నెండేళ్ల పిల్ల. రాత్రి రెండింటికీ మూడింటికీ ఖాన్సీ, సీనాలో పిల్లికూతలు, మేడ మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు చూసి రెండు ఇన్హేలర్లు, వాటికి తగిలించే స్పేసర్ గొట్టం రాసిచ్చారు. నీలిరంగుది ఆయాసం వచ్చినప్పుడు వాడాలి. రెండోది ఆయాసం ఉన్నా లేకున్నా పొద్దునా రాత్రీ వాడాలి.

రెండు నెలలు బాగానే గడిచాయి. పిల్ల రాత్రంతా నిద్రపోతోంది, స్కూల్లో ఖోఖో ఆడుతోంది. "తబీయత్ బాగైంది కదా, ఇంకెందుకు" అని మా చెల్లి అత్తగారు ఆ రెండోదాన్ని ఆపించారు. దాని బదులు పరగడుపున చెంచాడు కలోంజీ నూనె, తేనె. మూడు వారాలు ఏమీ కాలేదు. నాలుగో వారంలో, పక్క డాబా మీద మిర్చి ఆరబోసిన రోజు రాత్రి, పిల్ల మాట పూర్తి చేయలేకపోయింది. ఒక్కో లఫ్జ్ తర్వాత సాన్స్ కోసం ఆగింది. నీలిరంగుది పీల్చినా తగ్గలేదు. ఆటోలో దవాఖానాకి పరుగు. ఆక్సిజన్, నెబ్యులైజర్, చేతికి సూది. ఫజర్ అజాన్ దాకా మా చెల్లి బెంచీ మీద కూర్చుని తస్బీ తిప్పుతూనే ఉంది. అల్‌హమ్దులిల్లాహ్, పిల్ల దక్కింది.

ఆ తర్వాతి ఇత్వార్ నేను గుంటూరు వెళ్లాను. చెల్లి అత్తగారిని నేను ఖాలాజాన్ అంటాను. ఆవిడ అబ్బాజాన్ ఒక హకీం సాబ్ దగ్గర నలభై ఏళ్లు దవాలు నూరారు. పెరట్లో అడ్డసరం మొక్క ఆవిడ నాటిందే. జోషాందాలో ఏది ఎంత వేయాలో, ఏది ముందు మరగాలో ఆవిడకి వేళ్ల మీద ఉంటుంది. మనవరాలంటే జాన్. అలాంటి మనిషి దగ్గరికి పోయి "మీ మొక్కల దవాలన్నీ వహమ్" అనేస్తే ఆవిడ వినదు. పైగా ఆ మాట నిజమూ కాదు. దమాకి ఈ రోజు వాడే దవాల్లో చాలావాటి వంశం మొక్కల దగ్గరే మొదలైంది. ఆ రోజు ఖాలాజాన్‌తో చెప్పిందే ఇక్కడ మీకూ రాస్తున్నా. మీ ఇంట్లోనూ ఈ బహస్ నడుస్తూ ఉండొచ్చు.

ముందు దమా సంగతి. గాలి వెళ్లే నాళాలు సీనాలో చెట్టుకొమ్మల్లా చీలుకుంటూ పోతాయి. దమాలో రెండు జరుగుతాయి. నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. ఈ తక్లీఫ్ అప్పటికప్పుడు తెలుస్తుంది. రెండోది లోపలి పొరలో సూజన్. పొర వాచి, బల్గమ్ ఊరుతుంది. పిల్ల నవ్వుతూ తిరుగుతున్నప్పుడు కూడా ఈ సూజన్ లోపల ఎంతో కొంత ఉంటుంది. నీలిరంగు ఇన్హేలర్ కండరాన్ని వదులు చేస్తుందిగానీ సూజన్ జోలికి పోదు. రెండోదాంట్లోని కొద్దిపాటి స్టెరాయిడ్ సూజన్‌ని అణుస్తుంది. అందుకే 2019 నుంచి ప్రపంచ ఆస్తమా మార్గదర్శకాలు పెద్దలకీ, పన్నెండేళ్లు నిండిన పిల్లలకీ నీలిరంగుదొక్కటే ఇచ్చి ఊరుకోవద్దంటున్నాయి. రెండోదాన్ని ఆపిన మర్నాడే ఏమీ కాదు. సూజన్ మెల్లగా తిరిగొస్తుంది. మూడు వారాలు ఏమీ కాలేదు కాబట్టి కలోంజీ పనిచేసిందని ఖాలాజాన్ అనుకుంది. ఆ మూడు వారాలూ పాత దవా అసర్ తగ్గుతూ, లోపల సూజన్ పెరుగుతూ ఉంది.

ఇక మొక్కలు. మన దిబ్బల మీద పెరిగే ఉమ్మెత్తతో మొదలుపెట్టా. వెనకటికి దక్షిణాదిలో దమా ఉన్నవాళ్లు ఎండిన ఉమ్మెత్త పొగ పీల్చేవాళ్లు. 1802లో జనరల్ జెంట్ అనే ఆంగ్లేయ అధికారి ఈ నుస్ఖాని మద్రాసు నుంచి బ్రిటన్ తీసుకెళ్లాడు. అక్కడ అది దమా సిగరెట్లయి, ఇరవయ్యో శతాబ్దం దాకా మందుల షాపుల్లో అమ్ముడుపోయింది. అందులో పనిచేసేది అట్రోపిన్, దాని జాతి పదార్థాలు. అవి బిగుసుకున్న నాళాన్ని వదులు చేస్తాయి. కానీ ఉమ్మెత్త జహర్ అని మనకి తెలుసు. కాస్త ఎక్కువైతే గుండెదడ, మతి తప్పడం, మౌత్ కూడా. ఒక మొక్కకీ ఇంకో మొక్కకీ, ఆకుకీ గింజకీ దాని జోర్ మారిపోతుంది. శాస్త్రవేత్తలు ఆ అట్రోపిన్‌ని కొద్దిగా మార్చి, పీల్చినప్పుడు రక్తంలోకి పెద్దగా వెళ్లకుండా చేశారు. దాని పేరు ఇప్రట్రోపియం. దవాఖానాలో ఆ రాత్రి పిల్లకి నెబ్యులైజర్‌లో పోసిన రెండు మందుల్లో ఒకటి అదే. "అంటే ఉమ్మెత్తే పోశారా?" అంది ఖాలాజాన్. ఉమ్మెత్త కాదు, దాని పోలికతో పుట్టినది, మిఖ్దార్ తెలిసినది అన్నా.

రెండోది ఖెల్లా. ఈజిప్టులో పెరిగే ఈ మొక్క మన జీలకర్ర, సోంపుల కుటుంబమే. దాని గింజల కషాయం అక్కడివాళ్లు కిడ్నీ రాళ్ల నొప్పికి తాగేవాళ్లు. అందులోంచి తీసిన పదార్థం ఖెల్లిన్. దీని మీద పనిచేసిన డాక్టరు రోజర్ ఆల్టూన్యన్ 1922లో సిరియాలోని హలబ్ షహర్‌లో పుట్టాడు. తర్వాత బ్రిటన్‌లో ఒక మందుల కంపెనీలో చేరాడు. ఆయనకే దమా. గినీపిగ్ వెంట్రుకలంటే ఆయనకి పడదు. అందుకని వాటి సారం పీల్చి, తనకి తానే దమా తెప్పించుకుని, ఖెల్లిన్ నమూనాతో చేసిన కొత్త పదార్థాలని ఒక్కోటీ తన మీదే పరీక్షించాడు. ఇలా ఏళ్లకేళ్లు, వందల పదార్థాలు. 1965లో వాటిల్లోంచి సోడియం క్రోమోగ్లైకేట్ తేలింది. ఇది మొదలైన ఆయాసాన్ని ఆపదు. ముందే పీలిస్తే ఆయాసం రాకుండా చూస్తుంది. సూజన్‌ని రేపే పదార్థాలు మాస్ట్ కణాల్లో ఉంటాయి, ఆ కణాలు పగలకుండా కాస్తుంది. రాకముందే ఆపడం అనే దారిలో అది పెద్ద అడుగు. ఇప్పుడు దానికంటే బాగా పనిచేసేవి వచ్చాయి కాబట్టి దమాకి తక్కువ వాడుతున్నారు. కళ్ల అలర్జీ చుక్కల మందుగా ఇప్పటికీ దొరుకుతుంది.

మూడోది స్టెరాయిడ్. ఈ పేరు వినగానే ఖాలాజాన్ మొహం ముడుచుకుంది. "అదే కదా పిల్లని ఎదగనివ్వనిది!" అంది. స్టెరాయిడ్ మొదట కార్టిసోన్ రూపంలో 1949 ప్రాంతంలో కీళ్లవాతానికి వచ్చింది. పశువుల పిత్తం నుంచి ఎన్నో మెట్లలో చేసేవాళ్లు కాబట్టి బంగారం ధర. 1940ల్లోనే రసెల్ మార్కర్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త మెక్సికో అడవి దుంపల్లోని డయోస్జెనిన్ అనే పదార్థం నుంచి హార్మోన్లు తయారు చేసే దారి కనిపెట్టాడు. ఆ దుంప మన పెండలం జాతిదే. దాన్నుంచి వచ్చే హార్మోన్‌ని ఒక రకం బూజు సాయంతో కార్టిసోన్ వైపు మళ్లించే పద్ధతి 1952లో వచ్చింది. ధర పడిపోయింది. 1972లో బెక్లోమెథాసోన్ ఇన్హేలర్ వచ్చింది. ఈ కాలంలో ఇలాంటి స్టెరాయిడ్లకి ముడిసరుకు సోయా నుంచి కూడా తీస్తున్నారు. "పెండలం నుంచా?" అని ఖాలాజాన్ రెండుసార్లు అడిగింది. మా చెల్లి వంటింట్లోంచి నవ్వింది.

ఎదుగుదల భయం గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. చిన్నప్పుడు ఏళ్ల తరబడి బ్యుడెసొనైడ్ పీల్చిన పిల్లల్ని పెద్దయ్యాక కొలిస్తే, పీల్చనివాళ్ల కంటే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. ఇది 2012లో అచ్చయిన అమెరికా పరిశోధన. ఆ నుక్సాన్ ఉంది, దాచక్కర్లేదు. తక్కెడలో ఇంకోవైపు రాత్రిళ్లు నిద్ర, బడి, ఆట, అన్నిటికంటే ముందు సాన్స్. మిఖ్దార్ కూడా చూడండి. పిల్లలకిచ్చే ఇన్హేలర్‌లో ఒక్కో పీల్పుకి మామూలుగా 100 లేదా 200 మైక్రోగ్రాములుంటాయి. ఆయాసం ముదిరాక ఇచ్చే ప్రెడ్నిసొలోన్ చిన్న గోళీలోనే 5 మిల్లీగ్రాములు, అంటే 5000 మైక్రోగ్రాములు. అదీ ఒంటి మొత్తానికీ పోతుంది. రోజూ చిటికెడు వద్దనుకుంటే ఒకరోజు దోసెడు మింగాల్సొస్తుంది.

అప్పుడు ఖాలాజాన్ అసలు సవాల్ వేసింది. "మరి కలోంజీ? మౌత్ తప్ప ప్రతి బీమారీకీ అందులో షిఫా ఉందని హదీస్ ఉంది కదా బేటా. దాని మీద నీకు యకీన్ లేదా?"

యకీన్ ఉంది. అందుకే ఆ గింజ మీద జరిగిన పరిశోధనలు వెతికి వెతికి చదువుతుంటా. కలోంజీలో ముఖ్యమైన పదార్థం థైమోక్వినోన్. ప్రయోగశాలలో కణాల మీద, ఎలుకల మీద అది సూజన్ రేపే దారులని నెమ్మదింపజేస్తుంది. మనుషుల మీద కూడా చూశారు. 2017లో జెద్దా పరిశోధకులు దమా ఉన్న 80 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి 500 మిల్లీగ్రాముల కలోంజీ నూనె గుళికలు రోజుకి రెండు, ఇంకో జట్టుకి పైకి అలాగే ఉండే ఉత్త గుళికలు. నాలుగు వారాల తర్వాత కలోంజీ జట్టులో దమా అదుపు మెరుగైంది, రక్తంలో అలర్జీ కణాలు తగ్గాయి. ఊది కొలిచే ఊపిరి బలంలో మాత్రం గట్టిగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. వాళ్లు తమ మామూలు దవాలు మానలేదు. వాటితోపాటు కలోంజీ తీసుకున్నారు. ఇరాన్‌లో మరిగించిన కలోంజీ కషాయాన్ని థియోఫిల్లిన్‌తో పోల్చి చూశారు. నాళాలు కొంత తెరుచుకున్నాయి, థియోఫిల్లిన్ అంత కాదు. ఆ థియోఫిల్లిన్ కూడా 1888లో చాయ్ ఆకులోంచి బయటపడిందే.

అంటే కలోంజీలో ఫాయిదా ఉండే ఉమ్మీద్ ఉంది. చిన్న పరిశోధనలు, తక్కువ వారాలు. పెద్ద పరీక్షలు జరగాలి. బజారు నూనె సీసాల్లో థైమోక్వినోన్ ఒకదానికీ ఇంకోదానికీ ఎంతో తేడా ఉంటుంది. పరగడుపు చెంచాలో ఎంతుందో అమ్మినవాడికీ తెలీదు. షిఫా గింజలో పెట్టిన అల్లాహే, ఏ బీమారీకైనా ఇలాజ్ ఉందని, వెతుక్కొమ్మని కూడా మనకి తెలియజేశాడు. ఆ వెతుకులాటలో దొరికిందే ఇన్హేలర్ కూడా. ఒక నియామత్‌ని పట్టుకుని ఇంకో నియామత్‌ని పారేయమని ఎక్కడా లేదు. ఇలా అన్నప్పుడు ఖాలాజాన్ ఏమీ అనలేదు. పాన్‌దాన్ మూత వేసి దగ్గరికి జరిపింది.

ఇంకో రెండు మాటలు వంటింటి గురించి. హల్దీలోని కర్కుమిన్ ప్రయోగశాలలో సూజన్‌కి పెద్ద శత్రువు. కానీ తిన్నది రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది. మిరియాల్లోని పైపరిన్‌తో కలిపి ఇస్తే మనుషుల్లో ఇరవై రెట్లు ఎక్కువ చేరిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. వాళ్లు ఇచ్చింది 2 గ్రాముల శుద్ధ కర్కుమిన్. పసుపులో కర్కుమిన్ నూటికి మూడు పాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి దానికి అరవై డెబ్భై గ్రాముల పసుపు కావాలి. హల్దీ దూధ్ తాగండి, గొంతుకి హాయి. దాన్ని దమా దవా అనుకోకండి.

ఖాలాజాన్ పెరటి అడ్డసరంలో వాసిసిన్ ఉంటుంది. దాని నమూనాతోనే బ్రోమ్‌హెక్సిన్, తర్వాత ఆంబ్రాక్సాల్ వచ్చాయి. మనం కొనే చాలా దగ్గు సిరప్పుల్లో బల్గమ్‌ని పల్చన చేసేవి ఇవే. యునానీలో కుందుర్ అనే బంక ఉంది. అందులోని బోస్వెల్లిక్ ఆసిడ్లు సూజన్‌లో భాగమైన ల్యూకోట్రయీన్లు తయారవకుండా అడ్డుపడతాయి. 1998లో 40 మందికి ఆరు వారాలు రోజుకి మూడుసార్లు 300 మిల్లీగ్రాములిస్తే నూటికి 70 మందికి మేలు కనపడింది, ఉత్త గోళీ తిన్నవాళ్లలో 27 మందికి. అదీ చిన్న పరిశోధనే. అయితే ఆ మేలు మింగిన గోళీది. కుందుర్ గానీ లోబాన్ గానీ నిప్పుల మీద వేస్తే వచ్చే పొగ దమా పిల్లకి జహరే. జుమేరాత్ ఫాతిహాకి లోబాన్ వేసేటప్పుడు పిల్లని మేడ మీదికి పంపండి, లేదా అత్తరుతో సరిపెట్టండి.

అన్నిటికంటే నాకు భయం పేరులేని డబ్బాలంటే. "పూర్తి జడీబూటీ, దమాకి గ్యారంటీ" అని అమ్మే పొడులు, నల్లగోళీలు. అలాంటివాటిని పరీక్షిస్తే లోపల స్టెరాయిడ్ కలిపినట్టు తేలిన సందర్భాలున్నాయి. వారంలో అద్భుతంగా తగ్గుతుంది, మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, ఆపితే ప్రాణం మీదికొస్తుంది. స్టెరాయిడ్ వద్దని ఇన్హేలర్ మానేసిన మనిషి తెలియకుండా దానికి ఎన్నో రెట్లు మింగుతాడు. మంచి హకీం సాబ్ ఏం కలిపాడో రాసిస్తాడు. రాసివ్వని దవా ముట్టుకోకండి.

రంజాన్ సంగతి చాలామంది అడుగుతారు. ఇన్హేలర్‌తో రోజా టూటుతుందని మన దేశంలో చాలామంది ఉలమా అంటారు. టూటదని అరబ్ దేశాల్లో చాలామంది అంటారు. మీరు నమ్మే ఆలిమ్‌ని అడగండి. పొద్దునా రాత్రీ వాడే దవాని డాక్టరుతో మాట్లాడి సహరీకీ, ఇఫ్తార్ తర్వాతకీ సర్దుకోవచ్చు. ఆయాసం వస్తే మాత్రం ఆలోచించకుండా నీలిరంగుది పీల్చండి. బీమార్లకి రుఖ్సత్ ఖురాన్‌లోనే ఉంది. ఖజా తర్వాత ఉంచుకోవచ్చు.

మా పిల్లకి ఇప్పుడు ఒక పద్ధతి పెట్టాం. ఫజర్ వజూకి ముందు, ఇషా వజూకి ముందు రెండో ఇన్హేలర్. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి, లేకపోతే నోట్లో తెల్లమచ్చలొస్తాయి. వజూలో మూడుసార్లు కుల్లీ ఎలాగూ చేస్తాం కాబట్టి ఆ పనీ అయిపోతుంది. ఖాలాజాన్ కలోంజీ మాన్పించలేదు, నేనూ అడగలేదు. నూనె చెంచా పోయి, దాల్‌లోనూ రొట్టె మీదా చిటికెడు గింజలయ్యాయి. కలోంజీ నూనె ఎక్కువగా తీసుకుంటే బీపీ, షుగర్ కొంత తగ్గొచ్చు. పెద్దలెవరైనా వాడుతుంటే డాక్టరుకి చెప్పాలి. చుట్టాలొచ్చినప్పుడు ఇన్హేలర్‌ని అల్మారాలో దాచడం మాత్రం ఖాలాజాన్ ఇంకా మానలేదు. పిల్లే వెళ్లి తీసి బల్ల మీద పెడుతోందట. రిష్తా సంగతికి ఇంకా చాలా ఏళ్లుంది. ఈలోపు యార్డులో ఇంకా చాలా సీజన్లు రావాలి, పిల్ల వాటన్నిట్లోనూ సాన్స్ తీసుకోవాలి.

మీ ఇంట్లో దమా పిల్ల ఉంటే ఈ గుర్తులు యాద్ ఉంచుకోండి. మాట మధ్యలో ఆగి సాన్స్ పీలుస్తుంటే, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుంటుంటే, పెదాలు నీలంగా మారితే, నీలిరంగుది వాడినా తగ్గకపోతే, నుస్ఖాలు వెతకొద్దు. స్పేసర్‌తో నీలిరంగుది వేస్తూనే దవాఖానాకి బయల్దేరండి. బాగుందని మీ అంతట మీరు రెండోదాన్ని ఆపకండి. తగ్గించాలో వద్దో డాక్టరు చూసి చెప్తారు.

బీమార్లందరికీ అల్లాహ్ షిఫా ఇవ్వాలి. మా పిల్లని కూడా దువాల్లో యాద్ చేసుకోండి.